ఈడ ట్యాంకు లేదు

మా నాన్నది విజయవాడ వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు. బిందె కొన్నా పళ్లెం కొన్నా దాని మీద పేరు చెక్కి ఇచ్చేవాళ్లం. ఐదక్షరాల దాకా ఉచితం, ఆపైన అక్షరానికింత. పెళ్లి సామాను కొనడానికొచ్చినవాళ్లు "చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి" అని మొదలుపెడితే మా నాన్న మొహం వెలిగిపోయేది, వెంటనే కూల్‌డ్రింకులు తెప్పించేవాడు. గరగరమనే ఆ కరెంటు పెన్ను ఎనిమిదో తరగతి సెలవుల్లో నా చేతికొచ్చింది. అప్పట్నుంచీ అక్షరాన్ని చూస్తే నాకు అందమూ కనిపిస్తుంది, రేటూ కనిపిస్తుంది. ఈ జబ్బుకు మందు లేదు.

ఇప్పుడు బోర్డులకీ పుస్తకాల అట్టలకీ అక్షరాలు గీసుకుని బతుకుతున్నాను. ఈమధ్య మా మిత్రులు కొందరు మాట్లాడే హక్కు మీద ప్రదర్శన పెడదామన్నారు. బొమ్మా అక్షరమూ కలిసిపోవాలి, ఇదివరకు ఎవరూ చెయ్యని పద్ధతిలో ఉండాలి అన్నారు. తీరా అందరూ గీసుకొచ్చినవి చూస్తే నోటికి తాళం, పంజరంలో చిలక, విరిగిన కలం. మా కొట్టు అటక మీద మిగిలిపోయే పాత స్టాకు గుర్తొచ్చింది. పైకి అనలేదు. అంటే నీదేదీ అని అడుగుతారు. నా దగ్గర అదీ లేదు.

అప్పుడు తోచింది. గోడ మీద రాస్తే సున్నం కొడతారు, ఫ్లెక్సీ కడితే గాలికి చిరుగుతుంది. శిలాఫలకాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు. ఎదురుచెప్పేవాళ్లు లేకుండా ఏళ్ల తరబడి మాట్లాడే అక్షరాలు అవే. అవి పుట్టే చోటేదో చూడాలనిపించి, పెద్ద కాగితాల చుట్టా మైనపు రంగుల పెట్టే సంచిలో వేసుకుని తాడిపత్రి రైలెక్కాను. రాతి మీద కాగితం పరిచి మైనం రుద్దితే చెక్కిన అక్షరం తెల్లగా తేలుతుంది. ఖర్చు తక్కువ కళ. అందుకే ఎంచుకున్నాను.

తాడిపత్రిలో ఉగ్గాని

రైలు దిగేసరికి ఊరంతా మొహానికి పౌడరు రాసుకున్నట్టుంది. రాయి కోసే చోట్ల నుంచి లేచిన పొడి లారీల మీద, వేపాకుల మీద, టీకొట్టు బెంచీల మీద సమానంగా పడి ఉంది. స్టేషను బయట బండి దగ్గర ఉగ్గాని తిన్నాను. మనం మరమరాలనేవాటిని అక్కడ బొరుగులంటారు. నీళ్లలో తడిపి గట్టిగా పిండేసి, పప్పుల పొడి వేసి తాలింపు పెడతారు. పక్కన మిరపకాయ బజ్జీ తప్పదు. ప్లేటు నలభై అంది బండామె. అలవాటు కొద్దీ ముప్పైకి ఇమ్మన్నాను.

"ముప్పైకే తినమ్మా. బజ్జీ ఈడ పెట్టి పో," అంది.

మా వైపైతే పొద్దున్నే బోణీ బేరమనీ, మీరు కాబట్టి ఇస్తున్నాననీ కాసేపు నాటకం నడిచేది. ఇక్కడ ఒక్క మాటతో కొట్టు మూసేశారు. నలభై ఇచ్చి బజ్జీ తిన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, మిరపకాయ వల్లే.

బస్ షెల్టరు గోడకున్న శిలాఫలకం మీద కాగితం పరిచి రుద్దడం మొదలుపెట్టగానే జనం మూగారు.

"ఏం మేడం, సర్వేనా?"

"సర్వే గాదప్పా, మంత్రం మాదిరుండాది."

"సర్వే అయితే ఈ బెంచీ ఇరిగిపోయిందని గూడా రాసుకో మేడం."

రుద్దిన కాగితం ఎత్తి చూసుకున్నాను. మనుషుల పేర్లు బొటనవేలంత ఉన్నాయి. కట్టిన షెల్టరు ఊసు చిటికెనవేలి గోరంత ఉంది. ఈ కొలతలు ఎవరు నిర్ణయిస్తారని అడిగితే, గుంపులో ఒకాయన ఇలాంటి రాళ్లు చెక్కే దస్తగిరి షెడ్డుకు దారి చూపించాడు.

ఇద్దరు మాజీల మీద నిలబడి

చుట్టుపక్కల షాపుల్లో కంప్యూటరు గీసినట్టు మిషను అక్షరాలు కోస్తోంది. దస్తగిరి మాత్రం ఉలితోనే చెక్కుతాడు. అరవై దగ్గర పడ్డ మనిషి, కనుబొమల మీద కూడా రాతిపొడి. "దానికి కరెంటు గావాల. నాకు టీ గావాల. అంతే తేడా," అన్నాడు.

శిలాఫలకానికి ఎంత మర్యాద ఉందో ఆయన చెబితేగానీ తెలియలేదు. ఎవరి పేరు పైన, ఎవరిది కుడిపక్క, ఎవరికి "గౌరవనీయులు", ఎవరికి ఉత్త "శ్రీ". "పేరు తప్పు పడినా ఓర్చుకుంటారు మేడం. పక్కోని పేరు కన్నా గోరంత చిన్నదైతే మాత్రం రాయి వాపసు వస్తాది."

"వాపసు వచ్చిన రాళ్లేం చేస్తారు?"

"కిందికి చూడు."

షెడ్డు నేలంతా నున్నటి పలకలు బోర్లించి పరిచి ఉన్నాయి.

"ఇప్పుడు నువ్వు నిలబడింది ఇద్దరు మాజీల మీద," అన్నాడు.

చెప్పులు విప్పాలో వద్దో అర్థం కాక ఒంటికాలి మీద నిలబడ్డాను.

ఆ సమయానికి ఆయన చేతిలో ఉన్న రాయి కదిరి వైపు ఒక పల్లెకి. తాగునీటి ట్యాంకుకు శంకుస్థాపన. నాయకుడి పేరు లోతుగా చెక్కడం అయిపోయింది. ట్యాంకు ఇంకా పెన్సిలు గీతల్లోనే ఉంది. నేను దాని ఫొటో తీసుకుంటుండగా ఇద్దరు ఆడవాళ్లు లోపలికొచ్చారు. ముందున్నామె పేరు మార్తమ్మ, నలభై దాటిన కూలి మనిషి, చేతిలో చర్చివాళ్లిచ్చిన గుడ్డసంచి. వెనకున్న ముసలామె లచ్చుమక్క, ఆమె ఇంటి పక్కావిడ.

"అన్నా, రాయి చెక్కాల," అంది మార్తమ్మ.

"సమాధికా?"

"ట్యాంకుకు."

"యాడ కడతాండారు?"

"యాడా కట్టడం ల్యా. అదే రాయాల. ఈడ ట్యాంకు లేదు, అని."

దస్తగిరి ఉలి ఆగింది. ఏ ఊరని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన తన ముందున్న రాతి వైపు చూశాడు. నేనూ చూశాను. అదే ఊరు.

సంగతి మార్తమ్మే చెప్పింది. వాళ్ల ఊళ్లో ఒకే ట్యాంకుకు మూడుసార్లు శంకుస్థాపన జరిగింది. మూడు రాళ్లు వరసగా నిలబడ్డాయి, ట్యాంకు మాత్రం లేవలేదు. ఇప్పుడు నాలుగోసారి నాయకుడొస్తున్నాడు. ఆయన వచ్చేలోగా ఆ వరసలో తమ రాయి కూడా ఉండాలని పదకొండు మంది ఆడవాళ్లు తలా కొంత డబ్బు వేసుకున్నారు, వాళ్లలోంచి ఈ ఇద్దరూ బయల్దేరారు. కదిరిలో అడిగిన ప్రతిచోటా కాదన్నారు.

"నేను మాత్రం ఎట్ల చేస్తానమ్మా?" అన్నాడు దస్తగిరి. "నాకు కూడు పెట్టేది ఈ రాళ్లే. నా చెక్కుడు చూస్తానే పసిగడతారు. ఆ మర్సనాటి నుంచి నా గడప ఎవురు తొక్కుతారు?"

"ఆ మూడు రాళ్లూ నువ్వే చెక్కినావంట," అంది మార్తమ్మ, గొంతు పెంచకుండానే. "లేని ట్యాంకును మూడుసార్లు చెక్కితివి. లేదని ఒక్కసారి చెక్కలేవా అన్నా?"

దస్తగిరి టీ తాగాడు. గ్లాసు పక్కన పెట్టాడు. నాయకుడి రాతి మీది పొడిని అరచేత్తో తుడిచాడు.

"రాయి ఎంత సైజుది గావాల?" అన్నాడు.

వత్తుకు లెక్కేంది

ఇక నేను నోరుమూసుకుని కూర్చుని ఉంటే పెద్దమనిషి తరహాగా ఉండేది. కానీ ఆయన "అక్షరానికింత" అన్నాడు. ఆ మాట వింటే నాకు పూనకం వస్తుంది.

"వత్తుల్ని లెక్కలో వెయ్యకూడదు," అన్నాను.

"ఏం, వత్తు దానంతటదే పడతాదా?"

"ట్యాంకులో 'ట్యా' ఒకటే అక్షరం కదండీ."

"మీ బెజవాడలో ఒకటి. నా ఉలికి రెండు."

మాట్లాడే హక్కు మీద బొమ్మ గీద్దామని అంత దూరం వెళ్లి, య-వత్తు రేటు కోసం తగువాడుతున్నానని కాసేపటికి తట్టింది. అయినా తగ్గలేదు. చివరికి మొత్తం రాయికి ఇంతని గుత్తకు తెగింది. లచ్చుమక్క నా వైపు మెచ్చుకోలుగా చూసింది. ఈ యాత్రలో నేను గెలిచిన ఒకే ఒక్క బేరం అది.

తరవాత మాటల దగ్గర పేచీ వచ్చింది. "రాతి మీద 'ఈడ' అని ఎవురూ రాయరమ్మా, 'ఇచ్చట' అని రాస్తారు," అన్నాడు దస్తగిరి. నలభై ఏళ్లలో తన ఉలి 'ఈడ' అని చెక్కలేదట, ఇంట్లో రోజంతా మాట్లాడేది అదే అయినా.

"మేము ఇచ్చట అంటామా?" అంది మార్తమ్మ. "ఇచ్చట అంటే అదీ వాళ్లే రాయించినట్టుంటాది."

'ఈడ' ఖాయమైంది. అసలు చిక్కు పేర్లది. పేర్లు వద్దు, లేకపోతేనే క్షేమం అన్నాడాయన. ఆ మూడు రాళ్ల మీదా పేర్లున్నాయి కదా, పేరు లేని మాటను ఎవరు లెక్కచేస్తారంది మార్తమ్మ. సరే, మొదట ఎవరి పేరు? అక్కడ ఇద్దరూ ఆగిపోయారు. ఊళ్లో చెనిక్కాయ, అంటే వేరుశనగ, చేలు ఎక్కువ భాగం ఓబులేసువి. నాయకుడికి ఊరి తరఫు మనిషి ఆయనే. మొదటి పేరున్నదాన్ని ఆయన మళ్లీ పనికి పిలవడు.

"నాదే మొదట ఎయ్యి," అంది మార్తమ్మ.

"పని ల్యాకుంటే బిడ్లకు ఏం పెడతావే? రాయి పెడతావా?" లచ్చుమక్క కసిరింది. "నాది ఎయ్యప్పా. నేను ముసల్దాన్ని, నన్నేం చేస్తాడు?"

"నీకు పింఛను ఆపిస్తాడు, అది చేస్తాడు."

రాతి మీద పేరు చిన్నదైందని వాపసు పంపే మనుషుల కథలు అప్పుడే విని ఉన్నాను. ఇక్కడ ఇద్దరూ మొదటి చోటు కోసమే కొట్లాడుకుంటున్నారు, రెండోవాళ్లకు దెబ్బ తగలకుండా.

అప్పుడు మా కొట్టు గుర్తొచ్చింది. ఉమ్మడి కుటుంబాలకు పెద్ద పళ్లెం అమ్మేటప్పుడు తోడికోడళ్ల పేర్లలో ఏది ముందని రగడ అయ్యేది. మా నాన్న పేర్లన్నీ అంచు చుట్టూ గుండ్రంగా చెక్కించేవాడు. ఎవరికి వాళ్లు తమదే ముందనుకుని ఇంటికెళ్లేవాళ్లు. దస్తగిరి దగ్గర సుద్దముక్క అడిగి, నేల మీద, అంటే ఒక మాజీ వీపు మీద, బోర్లించిన బిందె గీశాను. బిందెల సంగతి నాకు వదిలెయ్యండి, నిద్రలో కూడా గీస్తాను. దాని చుట్టూ పదకొండు మంది ఆడవాళ్ల పేర్లు.

లచ్చుమక్క మెడ వంచి బొమ్మ చుట్టూ నడిచింది. "దీనికి మొదలు యాడ?"

"లేదు."

"ముగ్గు మాదిరుండాది," అని తృప్తిగా కూర్చుంది.

మర్నాడు వెళ్లేసరికి నల్లరాయి తయారుగా ఉంది. పైన 'ఈడ ట్యాంకు లేదు', మధ్యలో బిందె, చుట్టూ పేర్లు, అన్నీ ఒకే ఎత్తు, గోరంత తేడా లేదు. దస్తగిరి మాత్రం తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. బిందె కింద ఇంకో వరస ఉంది. మేం అడగనిది. 'గార్ల కరకమలములచే.'

"చెయ్యి చేసిన పని మేడం," అన్నాడు. "నలభై ఏండ్ల అలవాటు. పేర్లు అయిపోతానే చెయ్యి దానంతటదే ఆ మాట చెక్కేసింది. తీయాలంటే రాయంతా అరగదీయాల. టైము ల్యా."

"కరకమలములంటే ఏందన్నా?" అంది మార్తమ్మ.

"తామరపువ్వుల మాదిరి చేతులు."

ఆమె తన చేతులు చూసుకుంది. చెనిక్కాయ చెట్లు పెరికి పెరికి వేళ్ల సందుల్లో పగుళ్లు, గోళ్ల కింద ఎర్రమట్టి. నవ్వు ముందు లచ్చుమక్కకు వచ్చింది. "తామరపూలంట! మా ఆయప్ప బతికుండంగా ఒక్కనాడు అనల్యా!" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఉండనీ అన్నా," అంది మార్తమ్మ. "వాళ్లకుండేది మాకు ఎందుకుండగూడదు?"

కదిరి బస్సులో

అది నిలబడేది చూడాలని నేనూ వాళ్ల వెంటపడ్డాను. రాయిని పాత దుప్పట్లో చుట్టి, అనంతపురంలో బస్సు మారి కదిరి దారి పట్టాం. ఇద్దరు ఆడవాళ్లు గుమ్మం దగ్గర బరువు మోసుకొస్తుంటే కండక్టరు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏందమ్మా అది? దేవుడా, సమాధా?"

"ట్యాంకు," అంది మార్తమ్మ.

ఆయన కాసేపు ఆలోచించి, "ట్యాంకైనా లగేజీ టికెట్టు కొట్టాల్సిందే," అన్నాడు. నేను బేరమాడబోయాను. టికెట్టు మిషను చూపించి "దీంతో మాట్లాడు మేడం" అన్నాడు.

దారి పొడవునా ఎర్రమట్టి, గుండ్లు, మోకాలెత్తు పెరగని చెనిక్కాయ. పక్క సీట్లో పెద్దావిడ దుప్పట్లో ఉన్నది అమ్మవారే అనుకుని దాన్ని తాకి కళ్లకద్దుకుంది, పైన రూపాయి బిళ్ల పెట్టింది. నేను నిజం చెప్పబోతే లచ్చుమక్క నా చెయ్యి నొక్కింది. "మొక్కుకోనీలే. నీళ్లే గదా ఎవురైనా అడిగేది."

ఆమె పుట్టిల్లు కణేకల్లు పక్కన, కాలవ పారే ఊరు. "చిన్నప్పుడు గొడ్లను కడిగే నీళ్లంత ఈడ పెండ్లికి గూడా వాడరు," అంది. "మా నాయన మనిషిని చూసినాడు గానీ బాయి చూడల్యా."

మూడు రాళ్ల ఊరు

బడి గోడ పక్కన మూడు రాళ్లూ వరసగా ఉన్నాయి. మొదటిదానికి మేకలు ఒళ్లు రుద్దుకుంటాయి. రెండోదాని అంచు మీద కొడవళ్లు నూరతారు, ఆ చోట రాయి పల్లమైపోయింది. మూడోదాని మీద ఎవరివో లంగాలు ఆరుతున్నాయి. మూడింటి మీదా మైనం రుద్దుకున్నాను. నీళ్ల ట్యాంకరు వస్తే ఓబులేసు గేటు ముందు ఆగుతుంది. ఆయన డ్రమ్ములు నిండాకే మిగతా ఊరు.

మార్తమ్మ ఇంట్లో రాగిసంగటి, ఊరిబిండి పెట్టారు. ఊరిబిండి అంటే వేయించిన చెనిక్కాయలతో రోట్లో నూరిన పచ్చడి. మన వేరుశనగ చట్నీ దీని ముందు ఆసుపత్రి తిండి. తిన్నాక చెయ్యి కడుక్కోమని చెంబు ఇచ్చారు. మోటారు స్విచ్చు వేసే ఊరి మనిషిని కదా, చెంబెడూ పోసేసుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే పదకొండు మందీ కలిసి నాలుగో రాయి పాతి సిమెంటు పోశారు. తెల్లారాక దస్తగిరి చెక్కిన నాయకుడి రాయి కూడా లారీలో దిగి దాని పక్కనే నిలబడింది. ఓబులేసు వచ్చి ఆడవాళ్ల రాయి ముందు ఆగాడు. మెడ ఇటు వంచాడు, అటు వంచాడు.

"ఇది ఎవురు పెట్టించినారు? మార్తమ్మా, నీ పనేనా?"

"నా పేరుండాది. అందరి పేర్లూ ఉండాయి."

"ముందర ఎవురు నడిపించినారు అంటాండా."

పదకొండు మందీ రాయి చుట్టూ చేరారు. పీకెయ్యమని మనుషుల్ని పిలిచాడు. ఇంతలో కార్లు కదిరి దాటాయని ఫోనొచ్చింది. గడ్డపారలతో ఆడవాళ్ల మధ్య గొడవ పడుతుంటే కెమెరాలు దిగుతాయి. షామియానా అతని దగ్గర పసుప్పచ్చ సిల్కుగుడ్డ ఇంకొకటుంది. నాయకుడి రాతికి కట్టిన తెర లాంటిదే. "దాన్ని గూడా కప్పండి," అని ఓబులేసు తన దారిన పరిగెత్తాడు.

మార్తమ్మ పెదాలు బిగించి నేల మీద కూర్చుండిపోయింది. రాయి కనపడకుండానే పోయింది. పని పోవడం మాత్రం ఖాయం.

రెండు తెరలు

నాయకుడు ఫోను మాట్లాడుతూనే కారు దిగాడు. తప్పెట్లు మోగాయి. తన రాతి తెర తాడు లాగాడు, చప్పట్లు. పక్కనే ఇంకో తెర, అదే రంగు, ఇంకో తాడు. ఓబులేసు "అన్నా, అన్నా" అంటున్నాడు గానీ తప్పెట్ల ముందు ఆ గొంతు ఎంత? తెర కనపడితే లాగడం ఆయన చేతికి ఏనాటి నుంచో అలవాటు. లాగేశాడు. జనం కూడా అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. కెమెరాలు మెరిశాయి.

తరవాత ఆయన చదివాడు.

ముందు పై వరస. ఆ తరవాత పేర్ల కోసం తల ఒక పక్కకు వంచాడు, ఇంకో పక్కకు వంచాడు, చివరికి ఒంగాడు. తప్పెట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఇందులో మొదటి పేరు ఎవరిది?" అన్నాడు.

"యాడ నుంచి సదివినా ఒకటేనయ్యా," అంది లచ్చుమక్క.

ఆయన చూపు కింది వరసకు చేరింది. 'గార్ల కరకమలములచే.' తెర తాడు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. దాన్ని వదిలేశాడు. వెనక ఎవరో నవ్వారు.

"రాయి బాగా చెక్కినారు. ఎవరు?" అన్నాడు.

పదకొండు మందీ తమ చేతులు చూసుకున్నారు. నేను నా చెప్పుల వైపు చూశాను, వాటి మీద ధర రాసి ఉన్నట్టు. పని త్వరగా మొదలుపెట్టండని ఓబులేసుకు చెప్పి ఆయన కారెక్కాడు.

ఇంటికొచ్చాక

ఆడవాళ్ల రాతి మీద కూడా మైనం రుద్ది తెచ్చుకున్న అచ్చును ప్రదర్శనలో గోడకు తగిలించలేదు. బల్ల మీద పరిచాను, చూసేవాళ్లు చుట్టూ నడిచి చదువుకోవాలని. తాళాలూ చిలకలూ గీసిన మిత్రులు కూడా నడిచారు.

దస్తగిరికి రాళ్లు వస్తూనే ఉన్నాయట. "అనుమానం ఉండాది మేడం. గోరంత తేడా ల్యాకుండా చెక్కేవాడు ఇంకొకడు దొరకల్యా వాళ్లకు," అన్నాడు. ఊళ్లో ఓబులేసు కొన్నాళ్లు ఎవరినీ పనికి పిలవలేదు. ఒకరినైతే ఆపొచ్చు. మొదలేదో తెలియని పదకొండు మందినీ ఆపితే చెనిక్కాయ భూమిలోనే ఉండిపోతుంది. పిలిచాడు. రాయిని పీకే ధైర్యం మాత్రం ఆయనకు లేదు. అది సాక్షాత్తూ నాయకుడు ఆవిష్కరించిన రాయి, పేపర్లో ఫొటో కూడా పడింది.

మొన్న మార్తమ్మ ఫోన్ చేసింది. ఆడవాళ్లంతా బిందెలు ఆ రాయి ముందు వరసగా పెడుతున్నారట. ట్యాంకరు ఇప్పుడు అక్కడే ఆగుతోందట.

"మరి ట్యాంకు కట్టారా?" అని అడిగాను.

"ల్యా మేడం. రాతి మీద రాసింది ఇంగా నిజమే," అంది. "అది అబద్ధమైననాడు ఫోన్ చేస్తా. నువ్వూ వచ్చి ఒక చెయ్యి ఎయ్యి, పీకేద్దాం."

ఆ కూలికి బేరం ఆడనని మాటిచ్చాను.